మూసీ గట్టున ఊరట

పురానాపూల్ చుట్టుపక్కల పేటలు వరదను చూశాయి, గత్తరను చూశాయి, కర్ఫ్యూలను, 2020 నాటి లాక్‌డౌన్‌నూ చూశాయి. ఒక్కో దెబ్బ తర్వాత ఇక్కడి జనం మళ్లీ పొయ్యి వెలిగించారు, దుకాణం తెరిచారు, పాట అందుకున్నారు. కష్టకాలంలో కళ వల్ల, రోజువారీ పనుల వల్ల మనిషికి దొరికే ఊరట ఎలాంటిదో, అది ఎంతవరకు పనిచేస్తుందో తెలుసుకోవడానికి హైదరాబాద్ పాతబస్తీలోని ఈ మూసీ గట్టు మంచి చోటు. ఇక్కడ ఊరట అనేది తీరికున్నవాళ్ల వ్యవహారంగా ఎప్పుడూ లేదు. దానికి ఒక లెక్క ఉంది, ఒక తేదీ ఉంది, చేతినిండా పని ఉంది, పక్కింటివాళ్ల తోడు ఉంది.

ఈ పేటకు పేరు తెచ్చిన పురానాపూల్ వంతెనను గోల్కొండ సుల్తాన్ ఇబ్రహీం కుతుబ్ షా 1578లో కట్టించాడు. అప్పటికి హైదరాబాద్ నగరం పుట్టలేదు. చార్మినార్ లేచింది 1591లో. యువరాజు మహమ్మద్ కులీ తన ప్రేయసి భాగమతిని చూడడానికి ఉప్పొంగిన మూసీలోకి గుర్రాన్ని దూకించాడని, కొడుకు ప్రాణం మీది భయంతో తండ్రి ఈ వంతెన వేయించాడని ఒక కథ. చరిత్రకారులు ఆ కథను అంతగా నమ్మరు, గైడ్లు మాత్రం వదలరు. 17వ శతాబ్దంలో ఇటు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఈ రాతి కమానుల వంతెనను చూసి, పారిస్‌లో పేరుమోసిన వంతెనకు ఇది పెద్దగా తీసిపోదని రాసుకున్నాడు. 1831లో చాదర్‌ఘాట్ దగ్గర ఇంకొకటి కట్టేదాకా నగరంలో మూసీ మీద ఇదొక్కటే వంతెన. కార్వాన్ మీదుగా గోల్కొండకు పోయే దారి ఇదే. ఇప్పుడు బండ్లు పక్కన కట్టిన కొత్త వంతెన మీద పోతున్నాయి. పాత వంతెన మీద కూరగాయల బజారు నడుస్తోంది.

ఈ గట్టు పడ్డ కష్టాల్లో అన్నిటికన్నా పెద్దది 1908 సెప్టెంబర్ 28 నాటి వరద. ఎగువన రెండు వందలకు పైగా చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగాయి. ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా నగరం మీద పడ్డాయి. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. నగర జనాభాలో నాలుగో వంతు ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నారు. దిగువన ఉన్న వంతెనలు తెగిపోయాయి, 330 ఏళ్ల పురానాపూల్ మాత్రం దెబ్బలు తిని నిలబడింది. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి తోటలో, అంటే ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో, ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఏటా సెప్టెంబర్ 28న నగరవాసులు కొందరు దాని కింద చేరి, పోయినవాళ్లను తలుచుకుంటారు.

ఆ వరదలో అమ్జద్ హైదరాబాదీ అనే ఉర్దూ కవి తల్లిని, భార్యను, కూతురిని కోల్పోయాడు. ముగ్గురూ ఆయన కళ్ల ముందే కొట్టుకుపోయారు. ఆయన ఒక్కడే బయటపడ్డాడు. తండ్రి పసితనంలోనే పోవడంతో తల్లే పెంచి పెద్దచేసిన మనిషి ఆయన. అలాంటివాడికి ఒక్క రోజులో ఇల్లంతా లేకుండా పోయింది. ఆ అనుభవాన్ని ‘ఖయామతె సుగ్రా’ అనే నజ్మ్‌గా, అంటే ఉర్దూ కవితగా, రాశాడు. ఆ తర్వాత 50 ఏళ్లకు పైగా బతికి 1961లో కన్నుమూశాడు. ఉర్దూ లోకం ఆయన్ని గుర్తుపెట్టుకున్నది ముఖ్యంగా రుబాయీల వల్ల.

రుబాయీ అంటే నాలుగు పాదాల పద్యం. ఒకటి, రెండు, నాలుగు పాదాలకు అంత్యప్రాస కలవాలి, మూడో పాదానికి ఆ కట్టు లేదు. ఛందస్సు కూడా ముందే ఖాయమై ఉంటుంది. హజజ్ అనే నడకలో లెక్కపెట్టిన 24 రకాలున్నాయి, వాటిని దాటితే అది రుబాయీ కాదు. మూడు పాదాలు కూడబెట్టిన బరువంతా నాలుగో పాదంలో దిగాలి. తెలుగువాళ్లకు ఈ ప్రక్రియ కొత్తది కాదు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను దువ్వూరి రామిరెడ్డి ‘పానశాల’ పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

ఇల్లంతా పోయినవాడికి ప్రాస లెక్కలు ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఊరట పుట్టే చోటు సరిగ్గా ఈ లెక్కలే. ఏడుపుకు ఎక్కడ ఆగాలో తెలియదు. పద్యానికి తెలుసు. నాలుగో పాదం దగ్గర అది ఆగి తీరాలి. ఒక్క మాట కోసం వెతుకుతూ, దొరికిన మాటను తీసేసి ఇంకొకటి పెట్టి చూస్తూ కూర్చున్నంతసేపూ మనిషి తన దుఃఖంలో మునిగి ఉండడు, దానికి కాస్త దూరంగా జరిగి దాన్ని చూస్తుంటాడు. పని పూర్తయ్యాక దుఃఖం తగ్గదు, కానీ అది చేతిలో పట్టే వస్తువవుతుంది, ఇంకొకరికి ఇవ్వదగినదవుతుంది. అమ్జద్ రుబాయీల్లో ఎక్కువగా కనిపించేవి దేవుడి మీద భారం వేయడం, ఉన్నదానితో తృప్తి, మనిషి నిస్సహాయత. వరద సంగతి తెలియని పాఠకుడికి కూడా అవి అక్కరకొస్తాయి. విశ్వనాథ సత్యనారాయణ భార్య పోయినప్పుడు రాసిన ‘వరలక్ష్మీ త్రిశతి’ది కూడా ఇదే దారి. సొంత దుఃఖం ఛందస్సులో నిలబడ్డాక దాన్ని ఎవరైనా తమదిగా చదువుకోవచ్చు.

ఈ విషయాన్ని తర్వాతి కాలంలో మనస్తత్వ శాస్త్రం ఇంకో దారిలో పరీక్షించింది. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను బాగా బాధపెట్టిన సంఘటన గురించి రాయించారు. రాసిన వెంటనే వాళ్ల మనసు తేలికపడలేదు, ఇంకా బరువెక్కింది. తర్వాతి నెలల్లో మాత్రం ఆ సంఘటనను, దాని వెంట ఉన్న భావాలను కలిపి రాసినవాళ్లు వైద్యుడి దగ్గరికి వెళ్లడం తగ్గింది. రాయడం మొదట నొప్పిపెడుతుందన్న ఈ సంగతిని గుర్తుపెట్టుకోవాలి. కళ అంటే హాయి అనుకుని మొదలుపెట్టినవాళ్లు తొలిరోజే కాగితం పక్కన పడేసేది అందుకే.

అదే 1908 వరద పత్థర్‌గట్టి దగ్గరి బాద్‌షాహీ అషూర్‌ఖానా అనే మొహర్రం సంతాప మందిరంలోకి కూడా చొరబడింది. మహమ్మద్ కులీ కుతుబ్ షా దీన్ని 1594 ప్రాంతంలో కట్టించాడు. 1611 నాటికి గోడల మీద పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల మెరుపు పలకలను ముక్కలు ముక్కలుగా పేర్చి ఆలం (మొహర్రం ధ్వజం) ఆకారాలు తీర్చారు. వరద నీటికి కొంతమేర పలకలు ఊడిపోయాయి. పోయిన చోట సున్నపు పూత వేసి, దాని మీద రంగులతో అదే నమూనాను గీశారు. దగ్గరగా నిలబడి చూస్తే తేడా తెలిసిపోతుంది: పాత పలక మీద వెలుతురు పడితే మెరుస్తుంది, రంగు వేసిన చోట మెరవదు. పోయింది తిరిగి రాదని ఆ గోడ ఒప్పుకుంటుంది, కానీ ఖాళీని ఖాళీగా వదిలేయదు. ఊరట గురించి ఇంతకన్నా నిజాయితీ ఉన్న బొమ్మ నగరంలో ఇంకొకటి ఉండకపోవచ్చు.

అషూర్‌ఖానాలో జరిగేది కూడా దుఃఖపు పనే. మొహర్రం నెలలో మొదటి పది రోజులూ కర్బలాలో ఇమామ్ హుస్సేన్ పరివారం పడ్డ బాధను సోజ్, సలాం, మర్సియా, నౌహా అనే వరుసల్లో పాడతారు, చదువుతారు. ఎప్పుడు ఏడవాలో, ఏ పాట తర్వాత ఏ పాట రావాలో సంప్రదాయం చెబుతుంది. సొంత ఇంట్లో పోయినవాళ్ల కోసం గొంతు పెగలని మనిషి కూడా ఇక్కడ పదిమందితో కలిసి ఏడవగలుగుతాడు. ఎందుకేడుస్తున్నావని అడిగేవాళ్లు ఉండరు. తెలంగాణ పల్లెల్లో ఇదే పీర్ల పండుగైంది. హిందువులూ ముస్లింలూ కలిసి పీర్లను ఎత్తుకుంటారు, నిప్పుల గుండం చుట్టూ తిరుగుతారు, తెలుగులో పాటలు కడతారు.

దుఃఖాన్ని చూసి మనసు కుదుటపడడం ఎలా సాధ్యం? భరతముని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోనే నాటకం ప్రయోజనం చెబుతూ, అది దుఃఖంలో ఉన్నవాళ్లకు, అలసిపోయినవాళ్లకు విశ్రాంతినిస్తుందని అంటాడు. దుఃఖాన్ని పోగొడుతుందని అనలేదు. ఆ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా పెద్దది. శోకమే స్థాయీభావంగా ఉన్న కరుణరసానికి ఆయన హాస్యంతో, వీరంతో సమానమైన పీట వేశాడు. ఏడిపించే నాటకానికి టికెట్టు కొనుక్కుని మరీ వెళ్లే జనాన్ని చూసి ఆశ్చర్యపోవాల్సింది లేదన్నమాట.

వంతెన దాటి కార్వాన్ మీదుగా పోతే గోల్కొండ కోట వస్తుంది. కుతుబ్ షాహీల చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానా షా కాలంలో, 1672 తర్వాత, ఆ కోటలోనే, రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న బందీ అయ్యాడు. తహసీల్దారుగా ఉండి పాల్వంచ పరగణాలో వసూలు చేసిన సర్కారు సొమ్ముతో భద్రాచలంలో రాముడి గుడి కట్టించాడన్నది నేరం. 12 ఏళ్లు చెరలో ఉన్నాడని జనం చెప్పుకుంటారు. ఆయన ఉన్నదని చూపించే గదిలో గోడ మీద రాముడు, లక్ష్మణుడు, హనుమంతుడి బొమ్మలు చెక్కి ఉన్నాయి, అవి ఆయన చేతివేనని నమ్మకం. రామదాసు కీర్తనలుగా తెలుగు ఇళ్లలో ఇప్పటికీ పాడుకునే పాటల్లో చెరసాల బాధ చెప్పేవి చాలా ఉన్నాయి.

ఆ పాటల్లో ఓర్పు మాత్రమే ఉందనుకుంటే పొరపాటు. ఒక ప్రసిద్ధ కీర్తనలో ఆయన దేవుడి ముందు చిట్టా విప్పుతాడు. ఏ నగ ఎవరికి చేయించాడో, దానికి ఎన్ని మొహరీలు పట్టాయో వరసగా లెక్క చెబుతాడు, ఇదంతా ఎవరి డబ్బని నిలదీస్తాడు, రాముడి తండ్రిని, మామను కూడా మాటల్లోకి లాగుతాడు. అంతా అనేశాక, దెబ్బలకు ఓర్వలేక తిట్టానని, తప్పు పట్టుకోవద్దని వేడుకుంటాడు. తహసీల్దారుగా పనిచేసినవాడి భాష అది. లెక్కాపత్రం అలవాటు పాటలోకీ వచ్చింది. కోపం కూడా ఊరటలో భాగమేనని ఈ కీర్తన రుజువు చేస్తుంది. కష్టంలో ఉన్నవాళ్లకు శాంతంగా ఉండమని చెప్పే పెద్దలు ఈ సంగతిని తరచుగా మరిచిపోతారు.

కవులు, వాగ్గేయకారులు కానివాళ్ల సంగతి వంటింటి దగ్గర తెలుస్తుంది. 1813లో జంట నగరాల్లో మహమ్మారి ప్రబలింది. అప్పుడు ఉజ్జయినిలో ఉన్న హైదరాబాద్ పటాలం సిపాయిలు తమ ఊరు చల్లబడితే అమ్మవారిని అక్కడ నిలుపుతామని మహంకాళికి మొక్కారని, తిరిగొచ్చాక 1815లో సికింద్రాబాద్‌లో గుడి కట్టారని సంప్రదాయం చెబుతుంది. నగరంలో బోనాలు ఈ స్థాయిలో జరగడానికి మూలం అదేనంటారు. ఆషాఢంలో గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ మీదుగా, చివరికి పాతబస్తీలో లాల్‌దర్వాజాకు చేరే ఈ పండుగలో కార్వాన్ దర్బార్ మైసమ్మ గుడి కూడా జనంతో కిటకిటలాడుతుంది.

బోనం చేసే పని అంతా రోజూ చేసే వంటే. బియ్యం కడిగి, పాలు బెల్లం వేసి కొత్త కుండలో వండుతారు. కుండకు పసుపు పూసి, సుద్దతో, కుంకుమతో బొట్లు పెడతారు, మెడ చుట్టూ వేపమండలు కడతారు, పైన మూకుడులో దీపం వెలిగిస్తారు. దాన్ని ఆ ఇంటి ఆడబిడ్డ తల మీద పెట్టుకుని డప్పుల మధ్య నడుస్తుంది. రోగం అంటే భయం, ఆ భయానికి మందు అప్పట్లో లేదు. ఏమీ చేయలేని స్థితిలో ఏదో ఒకటి చేయడానికి వీలిచ్చింది ఈ వంట. పండుగ మరునాడు ‘రంగం’ అనే ఘట్టంలో ఒక స్త్రీ పచ్చికుండ మీద నిలబడి, అమ్మవారి మాటగా, వానలు ఎలా పడతాయో, ఊరు ఎలా ఉంటుందో చెబుతుంది. ఆ భవిష్యవాణి నిజమవుతుందా కాదా అన్నది వేరే సంగతి. భయంగా ఉన్న వేలమంది ఒకే మాట కోసం ఒకేసారి చెవి ఒగ్గడం దానికదే ఒక ధైర్యం.

పురానాపూల్‌కు ఆనుకుని ఉన్న ధూల్‌పేట్, మంగళ్‌హాట్ వీధుల్లో ఊరట, కూలి ఒకే చేతిలో ఉంటాయి. ఒకప్పుడు గుడుంబాకు పేరుపడ్డ ధూల్‌పేట్‌కు వినాయక విగ్రహాల తయారీ, గాలిపటాల తయారీ కూడా తాతల నాటి నుంచి ఉన్నవే. ఉత్తరాది నుంచి వలస వచ్చిన లోధ్ కుటుంబాలు ఈ పనుల్లో దిట్టలు. విగ్రహానికి కర్రల చట్రం కడతారు, దాని చుట్టూ ఎండుగడ్డి చుడతారు, మట్టి మెత్తుతారు, ఆరాక రంగులు వేస్తారు. కళ్లు చివర దిద్దుతారు, ఆ పని ఇంట్లో చేయి తిరిగినవాళ్లదే. గాలిపటానికి రెండు వెదురు పుల్లలు చాలు: ఒకటి నిలువుగా, ఒకటి విల్లులా వంచి. పుల్ల ఒక పక్క బరువైతే పటం గిరికీలు కొట్టి కింద పడుతుంది. అందుకే చాకుతో పల్చగా చెక్కి, వేలి మీద తూచి చూస్తారు. ఆ తూకం చూసేటప్పుడు మనసులో ఇంకో ఆలోచనకు చోటుండదు. ఎన్ని ఉపన్యాసాలు విన్నా రాని ఏకాగ్రత అది.

2020లో ఈ పనులన్నిటికీ దెబ్బ తగిలింది. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. రంజాన్ నెలంతా నగరంలో హలీం బట్టీలు వెలగలేదు. బోనాలు ఇళ్లలోనే చేసుకోమన్నారు. ఏటా ఆకాశాన్నంటే ఖైరతాబాద్ వినాయకుడు ఆ ఏడు 9 అడుగులకు తగ్గాడు, పెద్ద విగ్రహాలకు గిరాకీ లేక ధూల్‌పేట్ కార్ఖానాలు వెలవెలపోయాయి. అది చాలదన్నట్టు అక్టోబర్‌లో కుండపోత వానలు పాతబస్తీ కాలనీలను ముంచాయి. జనం గుంపుగా చేసుకునే ఊరట ఒక్కసారిగా ఇంటి నాలుగు గోడల మధ్యకు వచ్చింది. ఇంటి గుమ్మంలోనే బోనం ఎత్తారు, మొహర్రం సంతాప సభలైన మజ్లిస్‌లను ఫోన్లలో విన్నారు, సాయంత్రం మిద్దె మీద పావురాలకు గింజలు చల్లారు. పాతబస్తీ పెళ్లిళ్లలో ఆడవాళ్లు ఢోలక్ ముందేసుకుని దక్కనీలో పాడే ఢోలక్ గీతాలకు మాత్రం గదీ, నలుగురు మనుషులూ ఉంటే సరిపోతుంది. అత్తను, ఆడబిడ్డను, వియ్యపురాలిని ఆటపట్టించే ఈ పాటల్లో నవ్వు వెనుక పుట్టిల్లు వదిలే దిగులు దాగి ఉంటుంది.

గుంపుగా వినే సంగీతం కష్టకాలంలో ఎంత అవసరమో లండన్ కూడా చూసింది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల భయానికి అక్కడి నేషనల్ గ్యాలరీ చిత్రాలన్నిటినీ దూరంగా దాచేశారు. ఆ ఖాళీ గదుల్లో 1939 అక్టోబర్ నుంచి మైరా హెస్ అనే పియానో విద్వాంసురాలు మధ్యాహ్నం వేళ కచేరీలు పెట్టించింది. ఆరున్నరేళ్లలో అవి 1,698 అయ్యాయి. ఆఫీసులవాళ్లు, సైనికులు భోజన విరామంలో వచ్చి విని వెళ్లేవారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించి, కళలకు ఆరోగ్యంతో సంబంధం ఉందని నివేదిక ఇచ్చింది. పాతబస్తీకి ఆ నివేదిక కొత్తగా నేర్పిందేమీ లేకపోయినా, ఆస్పత్రులను, ప్రభుత్వాలను ఒప్పించడానికి అలాంటి కాగితం అవసరమే.

ఊరట చేయలేని పనులు కూడా ఉన్నాయి. వరద తర్వాత అమ్జద్ నజ్మ్ రాశాడు. నిజాం ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన జలాశయాలు కడితే తప్ప ముప్పు తప్పదని ఆయన తేల్చాడు. 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. పద్యం చెరువు గట్టును ఆపలేదు, జలాశయం తల్లిని పోగొట్టుకున్నవాడిని ఓదార్చలేదు. రెండూ కావాలి. ఇల్లు మునిగినవాళ్లకు పరిహారం ఇవ్వాల్సిన చోట పాటలు వినిపించడం ఊరట అనిపించుకోదు. అది తప్పించుకోవడం.

మనసు విషయంలో కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. దిగులు ఉన్నా రోజు గడుస్తున్నప్పుడు పాట, వంట, చేతిపని, నలుగురి తోడు చాలావరకు ఆదుకుంటాయి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, ఇష్టమైన పనులు కూడా రుచించకపోయినా, బతకాలని లేదన్న మాట నోట వచ్చినా అది వైద్యం అవసరమైన స్థితి. ఇంట్లోవాళ్లు దాన్ని బలహీనత అనుకోకూడదు, వాయిదా వేయకూడదు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో టెలిమానస్ సేవను ప్రారంభించింది. దాని నంబరు 14416. పగలూ రాత్రీ ఎప్పుడైనా, డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.